పసిబిడ్డ మంచం బోసిగానే ఉండాలి

మా చెల్లి పురిటికని విశాఖ కంచరపాలెంలోని పుట్టింటికి వచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే చెల్లి భర్త, మా మరిదిగారు ఫ్యామిలీ గ్రూపులో ఒక బేబీ కాట్ ఫోటో పెట్టారు. తెల్లరంగు చెక్క కమ్మీలు, వాటికి లోపలివైపు చుట్టూరా కట్టిన మెత్తటి కుషన్లు, ఏనుగుపిల్లల బొమ్మలున్న బొంత, రెండు పక్క దిండ్లు, ఒక బుల్లి తలదిండు, పైన లేసు తెర. అత్తలు, పిన్నులు, దుబాయ్‌లో ఉన్న బావగారు అందరూ లవ్ సింబల్స్ పెట్టేశారు. నేను మాత్రం, "మంచం, పరుపు ఉంచి మిగతావన్నీ తీసేస్తే బాగుంటుంది" అని రాశాను. గ్రూపు కాసేపు మూగబోయింది. ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి.

ఫోన్లలో విడివిడిగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నా అభిప్రాయం ఒకటే. పసిబిడ్డ మంచంలో మన కంటికి హాయిగా, ముద్దుగా కనిపించే వస్తువుల్లో చాలావరకు బిడ్డకి అక్కర్లేదు. కొన్నయితే ప్రమాదం కూడా. కొనేవాళ్లం, చూసేవాళ్లం, ఫోటో తీసేవాళ్లం పెద్దవాళ్లం కాబట్టి మంచాన్ని మన ముచ్చటకి తగ్గట్టు తయారుచేసి అమ్ముతున్నారు.

మెత్తదనం ఎవరికి

మెత్తటి పరుపు మీద పడుకుంటే మనకి సుఖం, ఎందుకంటే ముఖం కూరుకుపోతే మనం తిప్పుకుంటాం. రెండు నెలల బిడ్డకి మెడ నిలవదు. ముక్కు దిండులోకో కుషన్‌లోకో దిగితే, వదిలిన గాలినే మళ్లీ పీల్చుకుంటూ ఉండిపోతుంది. ఏడుపు వినిపించదు, గింజుకోవడం కనిపించదు. భయం అక్కడే.

అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ప్రచారం మొదలుపెట్టారు. తర్వాతి ఏళ్లలో అక్కడ నిద్రలో హఠాత్తుగా జరిగే శిశుమరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కొత్త మందూ లేదు, మెషీనూ లేదు, పడుకోబెట్టే తీరు మారిందంతే. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2022లో సవరించిన సూచనల్లో కూడా కొత్త వస్తువు కొనమని లేదు. పరుపు గట్టిగా, సమతలంగా ఉండాలి, వాలు 10 డిగ్రీలు దాటకూడదు, దిండు, దుప్పటి, మెత్తటి బొమ్మ, కుషన్ గోడలు వద్దు, కనీసం ఆరు నెలలు అమ్మానాన్నల గదిలోనే వేరే పక్క మీద పడుకోబెట్టాలి అన్నారు. అదే ఏడాది కుషన్ గోడల అమ్మకాన్నే అక్కడ చట్టం చేసి ఆపేశారు.

వాలుగా ఉండే పక్కల కథ ఇంకా ఘోరం. ఫిషర్-ప్రైస్ కంపెనీ రాక్ ఎన్ ప్లే అనే వాలు ఉయ్యాలని 2019లో వెనక్కి తీసుకుంది. అప్పటికి 47 లక్షల దాకా అమ్ముడయ్యాయి. వాటిలో నిద్రపోయిన పిల్లల మరణాలు 30కి పైగా నమోదయ్యాయి. పేరున్న కంపెనీ, మెత్తటి గుడ్డ, బిడ్డ ఇట్టే నిద్రపోయే వాలు. కొనేటప్పుడు ఏ తల్లికైనా అనుమానం ఎందుకొస్తుంది?

ఫిన్లాండ్‌లో 1938 నుంచి ప్రభుత్వం కాబోయే తల్లులకి ఒక అట్టపెట్టె ఇస్తోంది. మొదట్లో పేదవాళ్లకే ఇచ్చేవారు, 1949 నుంచి అందరికీ. లోపల బట్టలతో పాటు పెట్టె అడుక్కి సరిపోయే పల్చటి పరుపు ఉంటుంది. అక్కడ తరాల తరబడి పిల్లలు మొదటి నెలలు ఆ అట్టపెట్టెలో పడుకున్నారు. మరిదిగారికి ఈ సంగతి చెబితే, "వదినగారూ, మా అమ్మ ముందు మాత్రం ఈ మాట అనకండి" అని నవ్వారు. మనవరాలినో మనవడినో అట్టపెట్టెలో పడుకోబెట్టమని ఎవరికీ చెప్పబోవడం లేదు. కానీ ఒక మంచం నుంచి బిడ్డకి కావల్సింది ఎంత తక్కువో దాన్ని చూస్తే అర్థమవుతుంది.

అమ్మ ప్రశ్నలు

ఆన్‌లైన్ ఫోటోలతో వాదించడం సులువు. అమ్మతో వాదించడం కష్టం, ఎందుకంటే ఆవిడ అడిగేవి తీసిపారేసే ప్రశ్నలు కావు.

మొదటిది, "వెల్లకిలా పడుకోబెడితే పాలు కక్కినప్పుడు పొలమారదా?" ఈ భయం అమ్మదొక్కదానిదే కాదు, ఆస్పత్రి వార్డుల్లో కూడా బిడ్డని పక్కకి తిప్పి వీపు వెనక గుడ్డ చుట్ట పెట్టడం చూస్తుంటాం. మా పిల్లల డాక్టరుగారు కాగితం మీద గీసి చూపించారు. వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన ఉంటుంది, అన్నవాహిక కింద ఉంటుంది. పైకొచ్చిన పాలు ఊపిరి గొట్టంలోకి పోవాలంటే ఎదురెక్కాలి. బోర్లా ఉన్నప్పుడే పాలు అటు జారడం సులువు. అమ్మ ఆ బొమ్మని చాలాసేపు చూసింది. ఒప్పుకుందని చెప్పలేను గానీ, గుడ్డ చుట్ట సంగతి మళ్లీ ఎత్తలేదు.

రెండోది ఆవాల దిండు. తల గుండ్రంగా రావాలంటే ఆవాలు పోసి కుట్టిన దిండు ఉండాల్సిందేనని అమ్మ, పెద్దమ్మ, పక్కింటి మామ్మగారు ఏకగ్రీవంగా తీర్మానించారు. వెల్లకిలా ఎక్కువసేపు పడుకుంటే తల వెనక చదునవుతుందన్నది నిజమే. దానికి నిద్రలో దిండు పెట్టనక్కర్లేదు. ఒక రాత్రి తల ఒకవైపు, మరో రాత్రి ఇంకోవైపు ఉండేలా చూసుకుని, మెలకువగా ఉన్నప్పుడు మన కళ్లముందు కాసేపు బోర్లా పడుకోబెడితే మెడకి బలమూ వస్తుంది, తలా సర్దుకుంటుంది. ఆవాల దిండు నూనె రాసేటప్పుడు, ఒళ్లో పెట్టుకున్నప్పుడు వాడుకోమని రాజీ చేశాను.

మూడోది చలి. విశాఖలో చలి! మే నెలలో పుట్టిన బిడ్డకి కూడా టోపీ, సాక్సులు, స్వెట్టర్, పైన టవల్ చుట్టి, ఫ్యాను ఆపేసే ఇళ్లు నాకు తెలుసు. సముద్రం పక్కన ఉక్కపోతలో మనమే తడిసి ముద్దవుతాం, బిడ్డ ఒంటినిండా చెమటకాయలు. ఒళ్లు వేడెక్కిపోవడం కూడా నిద్రలో ముప్పే. పసివాళ్ల ఒంటి వేడి తల నుంచి బాగా పోతుంది, ఆ తలకే టోపీ బిగిస్తాం. గదిలో ఫ్యాను తిరుగుతున్న ఇళ్లలో ముప్పు తక్కువగా కనిపించిందని 2008లో ఒక అమెరికా అధ్యయనం వచ్చింది. ఆ ఒక్కదాన్ని పట్టుకుని ఫ్యానుని మందులా చూడక్కర్లేదు, కానీ గాలి ఆడితే బిడ్డకి జబ్బు చేస్తుందన్న భయమైతే వదిలేయొచ్చు. పల్చటి నూలు చొక్కా ఒకటి చాలు.

దిష్టికి దిండు కింద ఇనుప ముక్క పెట్టాలని పెద్దమ్మ అడిగింది. దిండే లేదు కదా, మంచం కోడు కింద పెడదాం అన్నాను. సరేనంది. మెడలో నల్లతాడు వద్దు, నడుముకి మొలతాడు చాలన్నాను. దానికి మాత్రం ముఖం మాడ్చుకుంది.

చీర ఉయ్యాల

ఇక్కడికొచ్చేసరికి నా వాదన అంత గట్టిగా ఉండదు, ఆ సంగతి నాకూ తెలుసు. "మిమ్మల్నందర్నీ చీర ఉయ్యాల్లోనే పెంచాను, ఏటయ్యింది మీకు?" అంటుంది అమ్మ. ఏమీ కాలేదు. ఏమీ కానివాళ్లమే ఇప్పుడు కూర్చుని మాట్లాడుకుంటున్నాం, ఏమైనా అయినవాళ్లు మాట్లాడటానికి లేరు కదా అని నేనంటే, అది అతితెలివి మాటలా వినిపిస్తుంది. కానీ నిజం.

చీర ఉయ్యాల వల్ల జరిగే మేలు మాత్రం కాదనలేం. బాలింత ఒంటరిగా ఉన్నప్పుడు, కడుపునొప్పితో బిడ్డ గుక్కపట్టినప్పుడు, నాలుగు ఊపులు ఊపితే వచ్చే నిద్ర ఏ ఖరీదైన కాట్‌లోనూ రాదు. మెత్తటి పాత నూలు చీర, అమ్మ ఒంటి వాసన, గాలాడే గుడ్డ. ఇవన్నీ మంచివే. ఇబ్బంది ఆకారంతోనే. గుడ్డ బిడ్డ బరువుకి తొట్టిలా కుంగుతుంది, వీపు వంగుతుంది, గడ్డం గుండెకి ఆనుతుంది. అలా ముడుచుకున్న మెడలో ఊపిరి దారి సన్నబడుతుంది. బిడ్డ పక్కకి దొర్లితే ముఖం చీర మడతలోకి పోతుంది. స్ప్రింగ్ ఉయ్యాలైతే ఇంకొకటి తోడు, పైకీ కిందకీ ఎగిరే ఊపు.

గోపాలపట్నంలో మాకు తెలిసిన ఇంట్లో నాలుగేళ్ల పెద్దపిల్ల తమ్ముణ్ణి ఆడిద్దామని ఉయ్యాలని గిరగిరా తిప్పింది. చీర మెలితిరిగి బిగుసుకుంది. అదృష్టం, వాళ్ల నాయనమ్మ వంటింట్లోంచి అప్పుడే ఇవతలికి వచ్చింది. బిడ్డకేమీ కాలేదు, ఉయ్యాల మాత్రం ఆ సాయంత్రమే విప్పేశారు. పెద్దపిల్లని తిట్టారుగానీ, దాని తప్పేముంది?

పాత ఇళ్లలో దూలానికో, స్లాబులో దింపిన కొక్కేనికో ఉయ్యాల కట్టేవారు. మా కంచరపాలెం ఇంట్లో అలాంటి కొక్కెం ఉంది. ఉప్పుగాలికి తుప్పెక్కి పొరలు పొరలుగా రాలుతోంది. ఇప్పటి ఫ్లాట్లలో ఫ్యాను కొక్కెం తప్ప ఇంకేం ఉండదు కాబట్టి ఇనుప స్టాండు కొంటున్నారు. పైన బరువు, కింద సన్నటి కాళ్లు, నున్నటి టైల్స్. పక్కన పాకే పిల్లలుంటే దాన్ని ఒక్క లాగు లాగడం ఎంతసేపు?

అందుకని నేను గీసుకున్న గీత ఇది. ఉయ్యాల పగటిపూట, మనిషి చెయ్యి అందేంత దూరంలో ఉన్నంతసేపు. నిద్ర పట్టాక తీసి పరుపు మీదకి మార్చడం. రాత్రికి ఉయ్యాల లేదు. "తీసి పడుకోబెడితే లేచిపోతుందే" అని అమ్మ అడ్డం తిరిగింది. లేస్తుంది. చాలాసార్లు లేస్తుంది. దానికి నా దగ్గర మంత్రమేమీ లేదు. బారసాలకి మేనమామ తరఫు ఉయ్యాల, పాటలు, పూలు, అన్నీ యథాప్రకారం జరగాల్సిందే. ఆ వేడుక మీద నాకే పేచీ లేదు.

నాన్న, టేకు మంచం

నాన్నది ఇంకో దారి. ఆన్‌లైన్ సరుకు నమ్మడు. తెలిసిన వడ్రంగి మేస్త్రి చేత టేకుతో చేయిస్తానంటాడు. నాకు ఈ ఆలోచన నచ్చింది. అట్టలాంటి చెక్కపొడి పలకలతో చేసిన మంచాలు మన ఊరి చెమ్మకి ఒక వానాకాలంలోనే ఉబ్బుతాయి, మేకులు పట్టు వదులుతాయి. టేకు అలా కాదు. పైగా ఎక్కడ ఏం కావాలో చెప్పి చేయించుకోవచ్చు.

కానీ చెప్పాలి. మేస్త్రి చేసే అందమైన పని పెళ్లి మంచానికి అందం. నాలుగు మూలలా పైకి లేచిన నగిషీ కోళ్లు పెడతానన్నాడు. నిలబడటం వచ్చిన పిల్లల చొక్కా, మెడలో గొలుసు వాటికే తగులుకుంటాయి, కాబట్టి మూలలు కమ్మీతో సమానంగా ఉండాలన్నాను. కమ్మీల మధ్య "నాలుగు వేళ్ల సందు" పెడతానన్నాడు. మేస్త్రి నాలుగు వేళ్లు ఏడు సెంటీమీటర్లకి పైనే ఉన్నాయి. ఆ సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు. ఎందుకంటే బిడ్డ కాళ్లు, నడుము సందులోంచి జారిపోతాయి, తల మాత్రం ఇరుక్కుంటుంది. కూల్‌డ్రింక్ టిన్ను దూరకపోతే సరిపోయినట్టే అని విదేశీ వీడియోల్లో చెబుతుంటారు. అది వాళ్ల లావు టిన్నుకి కట్టిన లెక్క. మన దుకాణాల్లో సన్నటివి వస్తున్నాయి. టేపు పెట్టి కొలవండి, గొడవ వదిలిపోతుంది.

ఒక వైపు కమ్మీ కిందకి జారేలా చేయించుకుంటే బిడ్డని ఎత్తుకోవడం తేలిక, నడుం వంగక్కర్లేదు. బాలింతకి అది నిజంగా పెద్ద సాయం, అందుకే చాలా ఆలోచించాను. చివరికి వద్దనే అన్నాను. జారే కమ్మీ గొళ్లెం అరిగి ఊడితే పరుపుకీ కమ్మీకీ మధ్య సందు పడుతుంది. 2000 నుంచి ఒక్క దశాబ్దంలో అలాంటి మంచాల్లో కనీసం 32 మంది పిల్లలు చనిపోయారని లెక్క తేలాక, 2011లో అమెరికా వాటి తయారీని, అమ్మకాన్ని ఆపేసింది. మన ఉప్పుగాలిలో గొళ్లేలు, స్క్రూలు ఎంతకాలం నిలుస్తాయో బాల్కనీ గ్రిల్లు ఉన్నవాళ్లెవరినైనా అడగండి. దాని బదులు పరుపు పలకని రెండు ఎత్తుల్లో బిగించుకునేలా చేయమన్నాం. మొదటి నెలల్లో పైన, బిడ్డ కూర్చునే సూచన కనిపించగానే కిందకి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి.

రంగు గురించి ఒక్క మాట. మన దేశంలో ఇళ్లకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదని 2016లో నిబంధన వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకుముందు రంగేసిన మంచాన్ని అటక మీంచి దింపి "మీ మావయ్య పడుకున్న మంచమే" అని మురిసిపోయే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. పళ్లొచ్చే పిల్లలు కమ్మీని కొరుకుతారు. ఏటికొప్పాక బొమ్మలు లక్క రంగులతో ఎంత నిశ్చింతగా నోట్లో పెట్టుకోనిచ్చేవో, మంచానికి కూడా అలాంటి పూత దొరికితే బాగుండుననిపించింది. మేస్త్రి నవ్వి, "అంకుడు కర్రకి చేసే పని టేకు మంచానికి చెయ్యమంటే ఎలాగమ్మా" అన్నాడు. రంగు లేకుండా నున్నగా తోపిడి పట్టించి వదిలేయమన్నాం.

పరుపు మేస్త్రి పని కాదు, కానీ మంచం కన్నా దాని గురించే ఎక్కువ పట్టించుకోవాలి. మంచం లోపలి కొలత ఇచ్చి కొబ్బరిపీచు పరుపు కోయించుకోవడం మేలు. అంచుకీ కమ్మీకీ మధ్య రెండు వేళ్లు దూరకూడదు. అరచేత్తో నొక్కి తీస్తే గుంట నిలవకూడదు. బూరుగు దూది పరుపంటే నాన్నకి ప్రాణం. అది పెద్దవాళ్ల నడుముకే బాగుంటుంది.

ఇదంతా మనకి వర్తిస్తుందా

ఈ అనుమానం నాకూ ఉంది. ఈ లెక్కలన్నీ మెత్తటి పరుపులు, మందపాటి దుప్పట్లు, వేరే గదుల్లో పిల్లల్ని పడుకోబెట్టే అలవాటున్న దేశాలవి. మన దగ్గర ఇంట్లో నిద్రలో పోయిన పసిబిడ్డకి పోస్ట్‌మార్టం చేయించేవాళ్లు అరుదు, కాబట్టి మన లెక్క మనకి సరిగ్గా తెలియదు. జపాన్‌లో తల్లి పక్కనే నేలమీద పరుపేసి పడుకోబెట్టుకుంటారు, అక్కడ ఈ మరణాలు తక్కువే. మన తల్లులు చేసేదీ అదే. అలాంటప్పుడు బిడ్డకి ప్రత్యేకంగా మంచం ఎందుకు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా బాబు చంటివాడు. కిటికీ అద్దాలు పగిలి, రోజుల తరబడి కరెంటు లేక, హాల్లో ఒక మూల చాప, దాని మీద పల్చటి బొంత, పైన దోమతెర కట్టి పడుకోబెట్టాం. వాడి పసితనంలో అంత బాగా పడుకున్న రోజులు నాకు తక్కువే గుర్తున్నాయి. కింద పడే భయం లేదు, కూరుకుపోయే మెత్తదనం లేదు. కాబట్టి కాట్ కొనలేని ఇల్లు, కొనక్కర్లేదనుకునే ఇల్లు చింతపడాల్సిన పని లేదు. కుషన్ల కాట్ కన్నా చాప నయం అని నేను మొహమాటం లేకుండా చెబుతాను. కింది అంతస్తు ఇళ్లలో చీమలు, జెర్రులు, సింహాచలం కొండ వారన ఉన్నవాళ్లకి పాముల భయం ఉంటుంది, అది వేరే సంగతి.

డబుల్ కాట్ మీద మధ్యలో పడుకోబెట్టుకోవడం మాత్రం చాపతో సమానం కాదు. అక్కడ పెద్దవాళ్ల దిండ్లు, రజాయి, ఫోమ్ పరుపు, పక్కన నైట్ డ్యూటీ చేసి వచ్చి ఒళ్లెరగకుండా పడుకునే తండ్రి ఉంటారు. మా మరిదిగారికి ఫార్మా కంపెనీలో షిఫ్టులు. పొగ, మందు అలవాటున్న ఇంట్లో అయితే అసలే వద్దు. సోఫాలో బిడ్డని గుండెల మీద పెట్టుకుని కునుకు తీయడం అన్నిటికన్నా ప్రమాదం.

దోమలు కూడా మన లెక్కలోకి రావాలి, విదేశీ సూచనల్లో వాటి ఊసు ఉండదు. వానలు పడ్డాక ఈ ఊళ్లో డెంగీ జ్వరాలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. కాయిల్ పొగ, మూసిన గదిలో సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకి వద్దు. తెర ఒక్కటే దారి. గొడుగులా విచ్చుకునే దోమతెర పరుపులు వీధివీధినా దొరుకుతున్నాయి. తెర మంచిదే, దాంతో వచ్చే మెత్తటి పరుపు, దిండ్లు తీసి పక్కన పెట్టండి. కాట్ మీద కట్టేదైతే బిగుతుగా, బిడ్డ చేతికి అందనంత ఎత్తులో ఉండాలి. వేలాడే తెర, గిలకల దారాలు పిల్లలు లాక్కుంటారు.

ప్రస్తుతానికి

"భూమ్మీద పడకముందే మంచాలేంటే" అని అమ్మ మొదటినుంచీ అంటోంది. పుట్టకముందు సామాను కొనకూడదన్న పట్టింపుని నేను వెక్కిరించను. బిడ్డల్ని పోగొట్టుకున్న తరాల భయం అది. ఇబ్బందల్లా, పుట్టాక ఆస్పత్రి హడావిడిలో ఎవరో ఒకరు ఫోన్‌లో మొదట కనిపించినదాన్ని కొనేస్తారు. అందుకని చూడటానికీ, కొలవడానికీ పట్టింపు లేదని అమ్మని ఒప్పించాం. మేస్త్రికి కొలతలు ఇచ్చాం, అడ్వాన్సు ఇవ్వలేదు. బిడ్డ ఇంటికొచ్చి మంచం చేతికందేదాకా చాప, దోమతెర ఉన్నాయి.

కుషన్ల సెట్ మరిదిగారు అప్పటికే ఆర్డర్ పెట్టేశారట, క్యాన్సిల్ చేశారు. ఏనుగుపిల్లల బొంత మాత్రం చెల్లి ఉంచుకుంది, పగలు నేలమీద బోర్లా ఆడించడానికి. అది బాగానే ఉంటుంది.

మిగిలింది మధురవాడలో చెల్లి వాళ్ల ఫ్లాట్. మూడో నెలలో చెల్లి అక్కడికి వెళ్లాక, 120 బై 60 సెంటీమీటర్ల మంచం వాళ్ల పడకగదిలో పట్టాలంటే బీరువా హాల్లోకి జరగాలి. అదేమో నైరుతి మూలలో ఉంది. వాళ్లమ్మగారితో మాట్లాడి చెబుతానన్నారు మరిదిగారు.